గోడలో లేని లీకు

అత్తగారిని ఊరికి పంపడానికి పెద్దమనుషులు తీపి మాటలు వాడతారు, కొందరు తిథులు చూపిస్తారు. గురునాథరావు పానా వాడాడు.

కూర్మన్నపాలెంలో, స్టీలు ప్లాంటు ఇంకా కడుతున్న రోజుల్లో, ఏసీ ఉన్న అద్దె ఇల్లు ఆ వీధిలో ఆయనదొక్కటే. అలాగని ఆయన కొన్నది కాదు. బావమరిది జగ్గారావు ఓడలో పనిచేస్తూ సింగపూరు నుంచి మోసుకొచ్చిన రెండు ముక్కల ఏసీ అది. ఒక ముక్క పడకగది గోడకు వేలాడుతుంది, రెండో ముక్క పెరట్లో కూర్చుని రొద పెడుతుంది, రెంటినీ కలిపే రాగి గొట్టాలు గోడలోపలి నుంచి పోతాయి.

ఆ గోడ తవ్వనిమ్మని, పక్కింట్లోనే ఉండే ఇంటాయన శ్రీరామ్మూర్తిని మూడు నెలలు బతిమాలవలసి వచ్చింది. గోడకు మేకు కొడితే తన వేలికి కొట్టినట్టు విలవిల్లాడే మనిషి. "ఇదే కడపటిది. ఇంకొక్క దెబ్బ పడినాదా, మర్నాడు మీ సామాను రోడ్డు మీదుంటాది" అని ఆ రోజే తేల్చి చెప్పాడు. ప్లాంటు పనులకు వచ్చిన జనంతో కూర్మన్నపాలెంలో అద్దెకు ఒంటి గది దొరకడమే గగనంగా ఉన్న కాలమది.

ఎండలు ముదిరాక అత్తగారు కాసులమ్మ చోడవరం నుంచి రెండు రోజులకని వచ్చింది. కొడుకు తెచ్చిన మిషను కనక ఆ గదిలోనే పడక వేసింది. ఆ రెండు రోజులకు ఇరవయ్యో రోజు వచ్చింది. అల్లుడి పడక వరండాలోకి మారింది. అక్కడి దోమలు ఆయన్ని కొత్తల్లుడి కంటే ఎక్కువగా చూసుకున్నాయి.

చల్లదనం ఉంటేనే కదా అత్తగారు ఉండేది? ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్ళిద్దరూ కునుకు తీస్తుండగా ఆయన పెరట్లోకి వెళ్ళి, పానాతో గొట్టం నట్టు వదులు చేశాడు. గ్యాసు బుస్సున తన్నుకొచ్చి బొటనవేలు తెల్లగా పాలిపోయింది, నిప్పు తగిలినట్టు మండింది. పళ్ళబిగువున నిలబడి, చప్పుడు ఆగాక నట్టు మళ్ళీ బిగించి, ఏమీ ఎరగనట్టు వచ్చి పేపరు పట్టుకున్నాడు.

మంగళవారం షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి మెకానిక్కు దాలయ్య పెరట్లో చతికిలబడి ఉన్నాడు. పక్కన గ్యాసు సిలిండరు, మీటరు, సబ్బునీళ్ళ గిన్నె ఉన్నాయి. భార్య చిలకమ్మ అతనికి మజ్జిగ ఇస్తోంది.

"ఎవులు పిలిసినారితన్ని?"

"నానే. మీకు తీరిక నేదు గదా" అంది చిలకమ్మ.

"రెండు వారాల్లో వానలొత్తాయి. ఇప్పుడు గ్యాసెందుకే?"

"ఎండకి మాయమ్మ పోయినాక వానలెందుకండి?"

దీనికి జవాబు చెప్పి బతికిన అల్లుడు లేడు. "సర్లే. బేగి గ్యాసెక్కించీ, దాలయ్య బావా" అన్నాడు.

దాలయ్య తాపీగా మజ్జిగ తాగాడు. "అలగ కుదరదు బావా. కొత్త మిషను, గ్యాసు ఉత్తినే పోదు. లీకు దొరక్కండా ఎక్కిత్తే సిల్లుకుండలో నీల్లు పోసినట్టే."

కాస్త గ్యాసు గొట్టాల్లోకి వదిలి, గదిలోనూ పెరట్లోనూ అతుకు అతుకుకీ సబ్బునీళ్ళు రాశాడు. లీకు ఉంటే బుడగ రావాలి. గురునాథరావు కూడా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. సింహాచలం అప్పన్నకి ఆయన ఉద్యోగం కోసం మొక్కాడు, పెళ్ళి కోసం మొక్కాడు, ఒక్క బుడగ కోసం మొక్కడం అదే మొదలు. బుడగ రాలేదు.

"ఇంకోపాలి రాయి బావా."

మూడుసార్లు రాశారు. ఇంట్లో ఒళ్ళు తోముకునే సబ్బు కూడా అయిపోయింది.

"ఏలికేటైనాది బావా?" అన్నాడు దాలయ్య హఠాత్తుగా.

"గంజి పడినాది."

"గంజి వార్చింది నాను. ఏలు మీది కాలినాదా?" అంది చిలకమ్మ.

"పక్కనుండి సూసినాను గదే."

దాలయ్య ఆ వేలు చూశాడు, పెరట్లో నట్టు మీద పడ్డ గీతలు చూశాడు. లోలోపల నవ్వుకుని గదిలోకి నడిచి, గోడ మీద చెవి ఆనించాడు. "బయట నేదు, లోన నేదు. అంటే గోడలో ఉన్నాది. తవ్వాల." సంచీలోంచి ఉలీ సుత్తీ తీశాడు.

గురునాథరావు గుమ్మంలోంచే చెయ్యి అడ్డంగా ఊపాడు. "రేపు సూద్దుం బావా."

"రేపు నాకు పోర్టులో పని."

"ఎల్లుండి?"

"తవ్వీ అన్నయ్యా. నాలుగు పెచ్చులే గదా" అంది చిలకమ్మ.

మంచం మీద కాసులమ్మ వక్క నములుతూ చూస్తోంది. దాలయ్య ఉలి గోడకు ఆనించి, చోటు చూసుకోవడానికి సుత్తితో మెల్లగా టక్కుమనిపించాడు. ఆ చిన్న చప్పుడికే వీధి గేటు కిర్రుమంది.

"గురునాథం, సుత్తి సప్పుడేటి?" శ్రీరామ్మూర్తి గొంతు.

దాలయ్య సుత్తి పైకెత్తాడు. గురునాథరావు లెక్క వేసుకున్నాడు. చెప్తే చోడవరంలో ప్రతి పెళ్ళి పందిట్లోనూ తన కథే. చెప్పకపోతే రేపు పెళ్ళాంతో, మంచాలతో, అత్తగారితో సహా రోడ్డు మీద. ఆయన పరుగెత్తి సుత్తి పట్టుకున్నాడు.

"ఆగు బావా. గోడలో లీకు నేదు. గ్యాసు నానే ఒగ్గేసినాను."

"ఎందుకు?" అంది చిలకమ్మ.

ఆయన అత్తగారి వంక చూసి, గబుక్కున కళ్ళు దించుకున్నాడు. అంతకంటే వివరంగా ఎవరూ చెప్పలేరు.

చిలకమ్మ వీధిలోకి వెళ్ళి, "ఏటీ నేదు బాబాయి, బల్లిని కొడతన్నారు" అని ఇంటాయన్ని పంపేసి వచ్చింది. మొహం చూస్తే తరువాతి బల్లి ఎవరో తెలుస్తూనే ఉంది.

కాసులమ్మ మాత్రం మెల్లగా అడిగింది. "ఆదివారమేనా బాబూ ఒగ్గేసినావు?"

"ఆదివారమే."

"ఎంత పుణ్ణెం కట్టుకున్నావు నాయనా. ఆ సలికి నా మోకాల్లు పట్టేసినాయి. కొడుకు తెచ్చిన మిషను, ఒద్దంటే ఆడు బాధపడతాడని ముసుగెట్టుకుని ఓర్సుకున్నాను, సిలకకీ సెప్పనేదు. ఇంక నావల్ల గాక సోమారం బస్సుకి ఎల్లిపోదునని సంచీ కూడా సద్దినాను. ఈలోగా గది ఎచ్చబడినాది, మోకాల్లు ఒదిలినాయి. ఇంక దసరా దాకా నాకు బెంగ నేదు."

ఒక్క రోజు. ఇంకొక్క రోజు ఓర్చుకుని ఉంటే సరిపోయేది. గురునాథరావు దాలయ్య చొక్కా పట్టుకున్నాడు. "గ్యాసెక్కించీ బావా. నిండుగా ఎక్కించీ."

దాలయ్య చిలకమ్మ వంక చూశాడు.

"ఒద్దు అన్నయ్యా, సామాను సద్దీ. ఆయన కట్టపడి ఒగ్గేసింది మనం మల్లీ ఎక్కించడమేటి?" అంది చిలకమ్మ.

దాలయ్య వెళ్ళాక కాసులమ్మ అల్లుణ్ణి దగ్గరికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, చేతికి పోస్టుకార్డు ఇచ్చింది. చోడవరంలో ఆమె చెల్లెలు అప్పాయమ్మకి కూడా మోకాళ్ళ నొప్పులేనట. అల్లుడి దస్తూరీ బాగుంటుంది కదా.

"రాయి బాబూ. గది ఎచ్చగున్నాది, అల్లుడే అన్నీ సూసుకుంతన్నాడు, బేగి బయల్దేరి రమ్మను."

గురునాథరావు రాశాడు.