కరెంటు అడిగిన పెద్దాయన

"ఊపిరి అందని రోగి అనేవాడు ఇకమీదట ఉండడు!" అని ఆరోగ్య మంత్రిగారు మైకులో ప్రకటించారు.

"ఊపిరి అందకపోతే వాడెలాగూ ఉండడుగా" అని నా భార్య గొణిగింది. దానికి రాజకీయం తెలియదు.

మంత్రిగారు ప్రారంభించింది ఆక్సిజన్ గది. చూడ్డానికి పెద్ద ఇనుప పీపా. లోపల కూర్చోబెట్టి, తలుపు బిగించి, ఒత్తిడి పెంచి అచ్చమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. క్యాన్సర్ గడ్డకి అది బాగా పట్టాక వెంటనే రేడియేషన్ ఇస్తే దెబ్బ గట్టిగా తగులుతుందని డాక్టరమ్మ ఆశ. రేడియేషన్‌ని మా రోగులందరం కరెంటు పెట్టడం అంటాం.

మొదటి రోగిని నేనే. గడ్డ గొంతులో. ఎన్నడూ పెద్దగా వాడని గొంతే, అయినా పారేసుకోవాలనిపించలేదు.

చెవులు దిబ్బళ్లు వేసి పీపాలోంచి బయటికొచ్చాను.

"తాతగారూ, త్వరగా పదండి. గడ్డకి ఆక్సిజన్ పట్టి ఉండేది కాసేపే" అంది డాక్టరమ్మ.

వరండాలో మంత్రిగారు అడ్డంగా ఉన్నారు. కెమెరాల వైపు చూస్తూ నా భుజం మీద చెయ్యేశారు.

"ఏం పెద్దాయనా, ఇంకేం కావాలో అడుగు!"

తల ఊపుతూ బతుకు వెళ్లదీసినవాణ్ణి. ఆ రోజే ఏం బుద్ధి పుట్టిందో, నోరు విప్పాను.

"కరెంటు, బాబూ. వెంటనే పెట్టాలి."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "విన్నారా? ప్రాణం మీదికొచ్చినా తనకంటూ ఏమీ అడగలేదు. ఆసుపత్రికి వెలుగు అడిగాడు! ఏరీ, ఆ దీపాల తోరణాలు ఇంకా వెలిగించలేదేం?"

పీఏ పరుగెత్తుకొచ్చాడు. "లోడు ఆగట్లేదు సార్. రేడియేషన్ మిషనే అంతా తాగేస్తోంది."

"అయితే దాన్ని ఆపండి! పెద్దాయన నోరు తెరిచి అడిగాక వెనకాడతామా?"

"సార్, ఆయన అడిగింది ఆ మిషనే..." అని డాక్టరమ్మ అరిచింది. చప్పట్లలో వినపడలేదు.

నేను మళ్లీ నోరు తెరిచాను. నా భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

"చాల్లే ఊరుకో. ఒక్క మాటకే ఇంత జరిగింది."

పట్టపగలు ఆసుపత్రి ధగధగ మెరిసిపోయింది. గోడలకి, మెట్లకి, చెత్తకుండీకి కూడా దీపాలే. నేను ఆగిన మిషను తలుపు ముందు బెంచీ మీద కూర్చున్నాను. చెవుల దిబ్బళ్లు మెల్లగా విడిపోయాయి. డాక్టరమ్మ గడియారం చూసుకోవడం మానేసి, నా పక్కనే కూర్చుంది.

అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, నాన్నకి కరెంటు పెట్టారా?"

నా భార్య కిటికీలోంచి దీపాల తోరణాల వైపు చూసింది.

"పెట్టారే. మీ నాన్న మాట తీసేస్తారా!"