ఇరవై మూడు ఇత్తడి బిళ్లలు

ఆ రోజు పొద్దున భద్రమ్మ అనుకున్న పని చిన్నదే. సంగటి కెలికి, కొడుకును డ్యూటీకి పంపి, పాసుపుస్తకం పట్టుకుని ఊరి చివర గోడౌను దగ్గరికి పోయి రెండు మూటల శనక్కాయ విత్తనం తెచ్చుకోవడం. ఉరవకొండ పక్కన ఏడు పల్లెలకూ విత్తనం ఇచ్చేది ఆ గోడౌనులోనే. మొన్న వాన పడింది. నేలలో పదును మహా అయితే ఇంకో మూడు రోజులుంటుంది. అది ఆరిపోతే ఆ ఏటికి కథ ముగిసినట్టే.

భద్రమ్మ భయపడడానికి కారణం అక్కర్లేదు, తీరిక దొరికితే చాలు. కొడుకు తిప్పేష్ కరెంటాఫీసులో లైన్‌మన్. పది నిముషాలు ఆలస్యంగా ఇంటికొస్తే చాలు, ఆమె మనసులో వాణ్ణి అప్పటికే స్తంభం మీద నుంచి దించేసి ఉంటుంది. అయితే మంచం కింద ఉన్న రేకుపెట్టె గురించి పడే భయానికి మాత్రం కారణం ఉంది. అందులో ఇరవై మూడు ఇత్తడి బిళ్లలున్నాయి. తెల్లదొరల కాలంలో పోలీసులు, ఊరి కాపలా కాసే తలారులు తలపాగాకూ నడుం పట్టీకీ పెట్టుకున్నవి. ఒక్కోదాని మీద ఒక్కో నెంబరు. ఏ ఊళ్లో వైరు తెగినా తిప్పేష్ పోయి దాన్ని బాగుచేసి, ఆ పైన ఆ ఇంటి అటకల మీద ఏముందో అడిగేవాడు. ఆరేళ్లలో అలా కూడబెట్టాడు. అతనికి దొరకనిది ఒక్కటే. అది పక్కింటి మారెక్క పశువుల కొట్టం గుమ్మానికి వేలాడుతోంది. ఆమె మామగారి నాయన తలారి. "దిష్టికి కట్టినానప్పా, తీస్తే ఎనుము పాలియ్యదు" అని మారెక్క ఆరేళ్లుగా ఒకే జవాబు చెబుతోంది.

"అమ్మా, పెట్టె ముట్టుకోవద్దు. ఆదివారం అనంతపురంలో ఎగ్జిబిషన్ ఉండాది. మళ్లా చింతపండు పెట్టి తోమేవు" అన్నాడు తిప్పేష్ సైకిలెక్కుతూ.

"నేనేల ముట్టుకుంటా? పోలీసోళ్లొచ్చి ఇవి యాడివిరా అంటే ఏం చెప్తావు? అడివిలో అన్నలొచ్చి నువ్వు పోలీసువా అంటే ఏం చెప్తావు?"

"వందేండ్ల కిందటివి అని చెప్తా."

"వాళ్లు అడిగేది కొట్టినాంక కదప్పా!"

తిప్పేష్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, మారెక్క గోడ మీంచి తల పెట్టింది. "వదినా, ఊళ్లోకి పోలీసు జీపు వస్తాండాదంట!"

"ఎందుకంట?"

ఎందుకో మారెక్కకూ తెలియదు. అడిగేలోపే ఆమె తరువాతి గోడ దగ్గరికి వెళ్లిపోయింది. భద్రమ్మ, ఇంట్లో ఉంటే దొరుకుతాయి, తన చంకలో ఉంటే ముసలిదాన్ని ఎవరు వెతుకుతారు అనుకుని, బిళ్లలన్నీ గుడ్డసంచిలో పోసుకుని పాసుపుస్తకంతో సహా బయలుదేరింది.

గోడౌను ముందు వరసలో మనుషులు లేరు. రాళ్లు, చెప్పులు, తువ్వాళ్లు, ఒక బోర్లించిన చెంబు వరసగా ఎండలో కూర్చున్నాయి. వాటి యజమానులు వేపచెట్టు నీడలో ఉన్నారు. భద్రమ్మ కూడా ఒక రాయి పెట్టింది. పెట్టాక భయం పట్టుకుంది. రాళ్లన్నీ ఒకలాగే ఉన్నాయి కదా, రేపు నాది ఇదే అంటే ఎవరు ఒప్పుకుంటారు? గుర్తుకోసం సంచిలో నుంచి ఒక సొట్టబిళ్ల తీసి రాయి మీద పెట్టింది. దాని మీద నూట పద్నాలుగు అని ఉంది.

అరగంట గడవకముందే ఒకడు దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఏమప్పో, ఈ తూరి టోకెన్లకు ఇత్తడి బిళ్లలిచ్చినారే! నెంబరు గూడా ఉండాది."

"యాడ ఇస్తాండారు?"

"ఎవురిదమ్మా ఇది? నీదా? ఎవురిచ్చినారు?"

పోలీసు బిళ్ల అని చెబితే కొడుకు పేరు బయటికొస్తుంది. "ఇచ్చినారు... ఆడ" అని భద్రమ్మ చెయ్యి గాలిలో ఊపింది. ఆ ఊపుకు చంకలోని సంచి గలగలమంది.

"ఈమె కాడే ఉండాయి! పంచేది ఈమేనంట!"

నీడంతా ఒక్కసారి లేచి వచ్చింది. పోయినేడు ఇక్కడే తోపులాటలో ఒకాయన కాలు విరిగింది. తనమీద ఇంతమంది పడితే కాలొక్కటే విరుగుతుందా? "తోయద్దండప్పా, ఇస్తా, ఇస్తా" అంటూ భద్రమ్మ ఒక్కో బిళ్ల తీసి ఒక్కో చేతిలో పెట్టింది. రాయి మీది నూట పద్నాలుగును ఎవరు తీసుకున్నారో ఆమె చూడనేలేదు. సంచిలో చివరికి పాసుపుస్తకం మిగిలింది.

తరువాత పంచాయితీ మొదలైంది.

"నాది ఏడు. నేనే ముందు."

"తెల్లారకముందే వచ్చి కూసున్నోణ్ణి. నాకు తొమ్మిదొందల రెండొచ్చిందే! ఇదేం న్యాయమన్నా?"

"బస్సులో సీటు నెంబరు మాదిరప్పా. నెంబరంటే నెంబరే."

బస్సు మాటతో అందరూ సమాధానపడ్డారు. నెంబర్ల ప్రకారం వరస కట్టారు, లేనివాళ్లు వెనక నిలబడ్డారు. ఆలస్యంగా వచ్చిన మారెక్కకు బిళ్ల దక్కలేదు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "మా కొట్టంలో ఉండేది బిళ్ల కాదా ఏంది?" అని కొంగు దోపుకుని ఇంటికి పరుగెత్తింది. అది విని ఇంకో ముగ్గురూ పరుగెత్తారు. ఒకరి బిళ్ల పొట్టేలు మెడ నుంచి వచ్చింది, ఒకరిది ఉప్పుజాడీ మూత మీద నుంచి, మూడోది దేవుడి గూట్లో నుంచి.

వ్యవసాయాధికారి ఉమాదేవి వచ్చి చూసి నమ్మలేకపోయింది. ఆమె ఉద్యోగంలో విత్తనం కోసం ఇంత నిదానంగా నిలబడ్డ వరస ఇదే మొదటిది. బందోబస్తుకొచ్చిన పోలీసుల ఏర్పాటై ఉంటుందనుకుని, ఒక్కో బిళ్ల తీసుకుని బుట్టలో వేస్తూ మూటలిప్పించింది. గేటు దగ్గర జీపు దిగిన హెడ్ కానిస్టేబుల్ కుళ్లాయప్ప, ఇది మేడం ఏర్పాటనుకుని టీ తాగాడు. బుట్టలో బిళ్ల పడినప్పుడల్లా ఠంగుమంటుంటే, వెనక నిలబడ్డ భద్రమ్మ ఒక్కోటీ లెక్క పెట్టుకుంటోంది.

బిళ్లలవాళ్ల వంతు అయిపోయాక కుళ్లాయప్ప తీరిగ్గా వచ్చి ఒకటి తిప్పి చూశాడు. టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"మేడం, ఇవి మా డిపార్టుమెంటువి!"

"మీరే కదా ఇచ్చినారు?"

"మేమెందుకిస్తాం?" అతను జనం వైపు తిరిగాడు. "ఇవి ఎవురివి? చెప్పేదాంక విత్తనం బంద్. చెప్పకుంటే బుట్ట స్టేషనుకు పోతుంది."

నోరు తెరిస్తే కొడుకు జైలుకు పోతాడు, తెరవకపోతే కొడుకు ఆరేళ్ల ప్రాణం స్టేషను మూలకు పోతుంది. భద్రమ్మ వరసలోంచి బయటికొచ్చి, బేడీల కోసం రెండు చేతులూ ముందుకు చాచింది.

"ఆ బుట్ట నాదే సారూ. నా కొడుక్కు ఏమీ తెలీదు. నేనే దొంగిలించినా."

"ఎవురి దగ్గర?"

"గ్యాపకం లేదు సారూ."

కుళ్లాయప్ప చేతిలోని బిళ్లను ఎండకు పెట్టి దాని మీది తెల్లదొరల ముద్ర చూశాడు. అతని మీసం కదిలింది. "అమ్మా, దీన్ని పెట్టుకున్నోడు ఇప్పుడుంటే వానికి నూట ముప్పై ఏండ్లు. ఎవురొచ్చి కేసు పెడ్తారు నీ మీద?" జనం నవ్వారు. భద్రమ్మ మాత్రం చేతులు దించలేదు. అతనే వాటిని మెల్లగా కిందికి దించాడు. "మూడేండ్లుగా ఈడ లాఠీ ఎత్తని దినం లేదు. ఈ పొద్దు ఎత్తలే. తీసుకోని పో తల్లీ."

"వచ్చే ఏడు గూడా తీసుకురామ్మా" అంది ఉమాదేవి, రెండు మూటలు పక్కన పెట్టిస్తూ.

సాయంత్రం తిప్పేష్ వచ్చేసరికి బుట్ట మంచం మీద ఉంది, తల్లి తలుపు వెనక ఉంది. అతను లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై ఏడు. అడుగున, ఎనుము పేడ అంటుకుని, ఆరేళ్లు అడిగినా రాని బిళ్ల. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని నేల మీదే కూలబడ్డాడు.

"మా, ఇది ఎట్లొచ్చింది?"

గోడ మీంచి మారెక్క తల కనిపించింది. "పెట్టుకోప్పా. మేం నలుగురం నీకే ఇచ్చేద్దామనుకున్నాం. విత్తనమొచ్చింది, ఇంక ఇత్తడెందుకు మాకు? ఎనుము పాలియ్యకుంటే మాత్రం మీయమ్మను అడుగుతా."

తిప్పేష్ తల్లిని వాటేసుకున్నాడు. దారిలో కుళ్లాయప్ప కలిశాడని, ఎగ్జిబిషన్ సంగతి విని సోమవారం తీరిగ్గా బిళ్లలు చూడడానికి జీపులో వస్తానన్నాడని కూడా చెప్పాడు.

భద్రమ్మకు పెట్టెలో ఇదివరకు ఇరవై మూడు భయాలుండేవి. ఇప్పుడు ఇరవై ఏడున్నాయి, వాటిని చూడడానికి సోమవారం పోలీసు జీపు వస్తోంది.