లెక్కల పీరియడ్‌లో పొగడ్త పాఠం

బళ్లో నాయకుల్ని పొగడకూడదంట! ఎవురప్పా ఈ మాట అన్నోళ్లు?

పెద్ద పెద్ద సదువులు సదివినోళ్లు పేపర్లలో వ్యాసాలు రాస్తాండారు. పసిపిల్లల నోట రాజకీయాలేంది, క్లాసురూములో ఫోటోలేంది అని ఒకటే గోల. వాళ్లని నేను ఒక్కటే అడుగుతా. మీరు ఎప్పుడన్నా మా బడికి వచ్చినారా? వచ్చింటే ఈ మాట అనరు. బడికి పునాది పొగడ్తే! గోడలు ఆ తర్వాత. సార్లు ఇంకా తర్వాత.

నేనెవురో చెప్పకుండానే ఉపన్యాసం మొదలుపెడితిని, తప్పు నాదే. పేరు నాగేశ్వర. పని పట్టుచీరల మగ్గం. కొత్తచెరువుకీ ధర్మవరానికీ మధ్యలో మా ఊరు. ఊరి పేరు మాత్రం చెప్పను. చెప్తే రేపు పొద్దున్నే ఇంగో ఫోటో పంపిస్తారు, తగిలించే దానికి గోడ లేదు. ఆ ఊరి హైస్కూలుకి నేను పేరెంట్స్ కమిటీ ఛైర్మన్ని. జీతం లేదు. కుర్చీ ఉండాది, దానికి మూడే కాళ్లు. అయితేనేం, ఛైర్మన్ ఛైర్మనే కదా!

నా కూతురు మౌనిక ఆ బళ్లోనే పదో తరగతి. మార్కులు బాగా తెచ్చుకోని ట్రిపుల్ ఐటీలో సీటు కొట్టాలని దాని పంతం. నా పంతమూ అదే. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేను కూర్చోని ఇరవై రెండేండ్లాయ. నా బిడ్డ కాళ్లు అందులో పెట్టకూడదు. ఈ ఒక్క విషయంలో నేను తమాషా ఆడను.

పోయిన జూలైలో బళ్లో లెక్కల సార్ బదిలీ మీద పోయినాడు. కొత్తాయన రాలేదు. వేరే బడి అయింటే ఏం చేసేది? ఏడ్చేది. మా బడి ఏడ్చిందా? లేదు! సరిగ్గా అప్పుడే మండలం నుంచి వాట్సాప్‌లో మెసేజ్ దిగింది. పెద్దాయన చేసిన మేళ్లు దినామూ పిల్లలకు చెప్పించవలెను, ఫోటో తీసి గ్రూపులో పెట్టవలెను అని. చెప్పించే దానికి టైము యాడిది? లెక్కల పీరియడ్ ఖాళీగా ఉండనే ఉండాది! చూసినారా, దేవుడు ఒక చేత్తో సార్ని తీసుకోని ఇంగో చేత్తో పొగడ్తనిచ్చినాడు.

పెద్దాయన అంటే ఎవురని అడగొద్దండి. ఇప్పుడు కుర్చీలో ఉండేటాయన. రేపు ఇంగొకాయన వస్తే ఆయనే పెద్దాయన. మా హెడ్మాస్టర్ రూములో గోడకి మేకు ఒకటే. ఫోటోలే మారతాంటాయి.

పొగడ్త వల్ల లాభాలు ఒకటా రెండా? పొద్దున ప్రేయర్ చూడండి. పెద్దాయన పేరుకి ముందు బిరుదులన్నీ చదివేసరికి పది నిమిషాలవుతాది. అంతలోకి వంక అవతల నుంచి నడిచొచ్చే పిల్లోళ్లు గూడా వచ్చి లైన్లో నిల్చుకుంటారు. మా బళ్లో ఇప్పుడు లేటు అనే మాటే లేదు! ఏ కలెక్టర్ తెప్పించగలిగినాడప్పా ఇట్లాంటి క్రమశిక్షణ?

సైన్సు ఎంత సుళువైపోయిందో! మా పక్క వాన ఎందుకు పడదు అంటే, వెనకటికి పడమటి కొండలు, మేఘాలు, గాలులు అని పేజీన్నర రాయాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్క లైనే. పోయినోళ్ల పాపం వల్ల పోయింది, వచ్చినోళ్ల పుణ్యం వల్ల వస్తాది. చిన్న జవాబు, గట్టి జవాబు. ఎవురన్నా కాదనమనండి చూస్తాం!

చరిత్ర గూడా అంతే. అశోకుడు చెట్లు నాటించెను, బావులు తవ్వించెను అని మేము గొంతు చించుకోని బట్టీ పట్టినాము. ఎందుకప్పా అంత కష్టం? మొన్న ఎలక్షన్ నుంచి మొదలుపెడితే రెండు దినాలకి సిలబస్ అయిపోతాది.

నల్లబోర్డు మీద ఫ్లెక్సీ కట్టినారు, రాసే దానికి లేకుండా పాయె అని మా ఇంటామె హేమావతి కసురుకున్నాది. ఏమే, రాసే సారే లేనప్పుడు బోర్డు ఎవురికి కావల్ల? పైగా ఫ్లెక్సీ పాతదైతే ఊరికే పోతాదా? చెనిక్కాయలు ఆరబోసుకోవచ్చు, మేకల కొట్టం మీద కప్పుకోవచ్చు. నల్లబోర్డు మీద ఎవురన్నా చెనిక్కాయలు ఆరబోసినారా?

ఇంత సుఖంగా నడుస్తాంటే జనవరిలో కృతజ్ఞతా వారోత్సవం అని వచ్చె. ఆ సభకి మండలం లీడర్ బయ్యన్న వస్తాడు, ఏ బడి పిల్లోళ్లు పెద్దాయన్ని బాగా పొగిడితే ఆ బడి పేరు పైకి పంపిస్తాడు అన్నారు. అప్పుడు నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది. బాగా పొగుడుదాం. బయ్యన్న మెత్తబడతాడు. ఆ మెత్తదనంలో లెక్కల సార్ని అడుగుదాం! దేవుణ్ని గూడా మనం అట్లనే కదా అడిగేది, మొదట స్తోత్రం, తర్వాత కోరిక.

మా హెడ్మాస్టర్ జాకబ్ సార్ తిరుపతి అవతలాయన. చాలా మంచోడు, కానీ భయస్తుడు. ఫోన్ టింగ్ మంటే లేసి నిల్చుంటాడు. "పాట కావాలి నాగేశ్వర గారూ, నాలుగు రోజులే ఉన్నాయి, పిల్లలకి కొత్త పాట ఎట్లా వస్తుంది?" అని తల పట్టుకున్నాడు.

"కొత్తదెందుకు సార్? వానప్ప పాట ఉండాది కదా!" అన్నా నేను.

వానప్ప సంగతి మీకు చెప్పల్ల. మా ఊర్లో వాన రాకపోతే బంకమట్టితో చిన్న బొమ్మ చేస్తాము, ఆయనే వానప్ప. పలక మీద కూర్చోబెట్టి ఒకరు నెత్తిన పెట్టుకుంటే, పిల్లోళ్లు వెంట పాడుకుంటా ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటామె చెంబుడు నీళ్లు వానప్ప మీద పోసి, దోసెడు జొన్నపిండి ఇస్తాది. పోయిన ఆషాఢంలో చినుకు పడక మా పిల్లోళ్లు నెల దినాలు తిరిగినారు. నిద్రలో లేపి అడిగినా పాడతారు.

పాట మొదలు ఇట్ల ఉంటాది.

"రారా మా వానప్పా, రాజంటి వానప్పా,
నీ అంత దొర లేడు నేల మీద,
నువు కాలు పెడితేనె పచ్చనౌను,
నీ చూపు పడితేనె చెరువు నిండు."

వానప్ప అన్న చోట పెద్దప్ప అని పెడితే సరి! జాకబ్ సార్ విన్నాడు, కండ్లు మెరిసినాయి. "అద్భుతం!" అన్నాడు. ఆ పాటకి రెండో సగం ఉండాదని ఆయనకి తెల్దు. నాకు తెలుసు. కానీ ఆడ ఎవురు పాడతారులే అనుకున్నా.

సభ దినం వచ్చింది. షామియానా, మైకు, కూల్‌డ్రింకులు. బయ్యన్న తెల్లచొక్కా ఇస్త్రీ మడతతో మెరిసిపోతాండాడు. మౌనిక ముందర నిల్చోని పాట ఎత్తుకున్నాది, అరవై మంది అందుకున్నారు. ఏం పాడినారప్పా! నాకైతే ఒంటి మీద వెంట్రుకలు లేసి నిల్చున్నాయి. బయ్యన్నకి ఉత్సాహం ఆగలేదు. పెద్దాయన ఫోటోని పటంతో సహా తీసి రెండు చేతుల్తో నెత్తి మీద పెట్టుకోని, కెమెరా వైపు తిరిగి నిల్చున్నాడు.

పాట అయిపోయింది. చప్పట్లు. పిల్లోళ్లు మాత్రం కదల్లేదు. చూస్తాండారు. ఎదురుగా నెత్తి మీద బొమ్మ పెట్టుకోని ఒక మనిషి నిల్చోని ఉండాడు, ఇంట్లో నుంచి ఎవురూ నీళ్లు తేలేదు. మా ఊర్లో నీళ్లు తేకపోతే పిల్లోళ్లు ఏం చేస్తారు?

రెండో సగం ఎత్తుకున్నారు!

"రాకుంటె పెద్దప్పా, రాతిగుండె పెద్దప్పా,
నీ మొగము మండ, యాడ పోయినావు?
మా పిండి తింటివే, మా నీళ్లు తాగితివే,
మమ్మిడిసి పండుకుంటివా పెద్దప్పా?"

వానప్పని తిట్టే పాట అది. మొదట పొగుడు, వినకుంటే తిట్టు. అది మా ఊరి పద్ధతి, తరతరాలుగా వస్తాండాది. నీళ్లు పడిందాకా ఆపకూడదు, ఆపితే వాన రాదు! జాకబ్ సార్ చేతులూపుతాండాడు. "ఆపండి! ఆపండమ్మా!" అంటాండాడు. ఆయన చేతులూపేది చూసి తాళం వేస్తాండాడని పిల్లోళ్లు ఇంకా జోరు పెంచినారు. "నీ మొగము మండ" మైకులో మూడు వీధులు వినపడింది.

అప్పుడు లేసినాది మాయమ్మ నాగలక్ష్మమ్మ. డెబ్బై తొమ్మిదేండ్లు. ముందు వరసలో కూర్చోని ఉండె. తాగే నీళ్ల బిందె దగ్గరికి పోయె. చెంబు ముంచె. స్టేజీ ఎక్కె. పోసె!

పటం మీద నుంచి బయ్యన్న నెత్తి మీదికి, నెత్తి మీద నుంచి తెల్లచొక్కాలోకి. పాట టక్కున ఆగిపోయింది. పిల్లోళ్లు "వానప్పో!" అని కేక పెట్టి దండాలు పెట్టినారు.

"ఏం పని చేస్తివమ్మా!" అని నేను పరిగెత్తి చెయ్యి పట్టుకుంటే, మాయమ్మ నన్నే తిట్టినాది. "బొమ్మని నెత్తిన పెట్టుకోని నిల్చున్నాడు. పిల్లోళ్లు తిడతాండారు. నీళ్లు పోయకుంటే పాపం ఆయన్ని ఎంతసేపు తిట్టించల్లరా?"

బయ్యన్న ఇంగ మండిపడతాడు అనుకున్నాము. కానీ బయ్యన్న ఈ మట్టిలో పుట్టినోడు. చిన్నప్పుడు ఆయనా పలక మోసినోడే. నీళ్లు పడినాక కోపం చేయకూడదని, అడిగింది ఇయ్యాలని ఆయనకి తెలుసు. మీసం మీద నీళ్లు తుడుచుకోని నవ్వినాడు.

"ఏం కావల్లమ్మా మీకు?" అన్నాడు మౌనికతో.

"లెక్కల సార్ కావల్లన్నా. ఏడో నెల నడుస్తాండాది," అన్నాది నా బిడ్డ.

"పది దినాల్లో సార్ మీ బళ్లో ఉంటాడు. నాది పూచీ!" అన్నాడు బయ్యన్న.

ఆ కేకలు, ఆ ఈలలు! ఇప్పుడు చెప్పండప్పా వ్యాసాలు రాసేటోళ్లు, పొగడ్త బళ్లో ఉండల్లనా, వద్దా? ఏడు నెలలు అర్జీలు పెడితే కదలని ఫైలు, రెండు చరణాలకి కదిలినాది! రెండో చరణం పొగడ్త కాదంటారా? అదీ పొగడ్తలో భాగమే, మా ఊర్లో రెండూ కలిపితేనే స్తోత్రం.

మాట ప్రకారం పదో దినం సార్ దిగినాడు. ఊరంతా బస్టాండుకి పోయినాము. తప్పెట కొట్టినాము. పూలదండ నేనే వేసినా. పేరు ఆనంద్ సార్, నవ్వు మొగం, చేతిలో పెద్ద పెట్టె. లెక్కల పుస్తకాలు ఎన్ని తెచ్చినాడో మహానుభావుడు అని నేనే మోసినా ఆ పెట్టెని. క్లాసులో పిల్లోళ్లంతా నోట్సు, స్కేలు, పెన్సిలు పెట్టుకోని కూర్చున్నారు. ఆయన పెట్టె తెరిచినాడు.

హార్మోనియం!

సంగీతం సారంట. డెప్యుటేషన్ మీద పంపినారంట. మీ బడి పిల్లలు పాట సగంలో దారి తప్పుతాండారు, ముందు అది సరి చేయించాలి అని పైనుంచి ఆర్డరంట. మంచి గొంతు, కాదనను. మొదటి చరణం తేనెలాగా నేర్పిస్తాండాడు. రెండో చరణం సిలబస్‌లో లేదంట. పీరియడ్ ఏది అంటే, ఇంగేది, లెక్కల పీరియడే.

ఆ దినం సాయంత్రం మౌనిక లెక్కల పుస్తకం తెచ్చి నా మగ్గం మీద పెట్టింది. "నాయనా, ఈ ఒక్క లెక్క చెప్పు. ఇది తెలిస్తే మిగిలినవి నేనే చేసుకుంటా," అన్నాది. ఏదో త్రిభుజం, స్తంభం, దాని నీడ. చీర అంచులో ఎన్ని పోగులుంటాయో కండ్లు మూసుకోని చెప్తా నేను. ఏడో తరగతితో బడి మానినోణ్ని, దానికి ఏం చెప్తా? సిగ్గయినాది. చానా సిగ్గయినాది. అది పుస్తకం మూసి "పోనీలే నాయనా" అనేసి లోపలికి పోయింది. ఏడ్చింటే బాగుండు, ఏడవలేదు.

అందుకే పెద్దలకి ఒక మనవి చేసుకుంటాండా. పదో తరగతి పరీక్షకి ఇంగ నలభై దినాలుండాయి. ఈసారి లెక్కల పేపర్లో గూడా పొగడ్త ప్రశ్నలే ఇవ్వండి. పెద్దాయన సుగుణములను వర్ణింపుము, ఎనిమిది మార్కులు. పెద్దాయన బిరుదులు వరుసగా రాయుము, నాలుగు మార్కులు. మా పిల్లోళ్లు నూటికి నూరు తెస్తారు, అడిషనల్ షీట్లు అడిగి మరీ తీసుకుంటారు!

అట్ల కుదరదంటారా? పరీక్ష పరీక్షే, లెక్కల పేపర్లో లెక్కలే ఉంటాయి, పొగడ్తకి ఒక్క మార్కు గూడా పడదంటారా?

మీకు ఆ సంగతి ముందే తెలుసు కదప్పా. మరి ఏడు నెలలు నా బిడ్డ చేత అదెందుకు చదివించినారు?