అధ్యక్షులవారి మడుగు

ఒక అడవి. మరీ పెద్దదేం కాదు గానీ, అధ్యక్షులవారి లెక్కలో పెద్దదే. అక్కడ నెమలి అధ్యక్షుడిగా ఒక సభ ఉండేది. ఎవరు అర్జీ పెట్టుకున్నా ముందు ఆయన పింఛాన్ని పొగడాలి. తర్వాతే పని. పొగడ్త చాలిందో లేదో గుమాస్తా గోరింక తల ఊపి చెప్పేది.

తన అందం చూసుకోవడానికి నెమలికి కదలని నీళ్లు కావాలి. అందుకని ఏనుగుల చేత వాగుకి అడ్డంగా దుంగ వేయించి మడుగు చేయించుకున్నాడు. ఇంతలో వానలు మొదలయ్యాయి. మడుగు రోజుకి జానెడు పెరుగుతోంది. ఒడ్డున గులకరాళ్ల మధ్య తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టుకుంది. నీళ్లు వాటికి రెండు జానల దూరంలో ఉన్నాయి.

తీతువు పరుగున వచ్చి దుంగ తీయించమని అడిగింది. కంగారులో పింఛం సంగతి మర్చిపోయింది.

సభంతా నేల చూపులు చూసింది.

"గుడ్లు నీవి, మడుగు నాది. అది సరే, నేనంటే నీకెందుకంత అసూయ?" అన్నాడు నెమలి.

సభలోని ముసలి ఎలుగుబంటికి ఇదేదో జబ్బేమోనని అనుమానమొచ్చి, గుడ్లగూబ డాక్టరుని పిలిపించింది. డాక్టరు నెమలిని చాలాసేపు చూసింది. తన మీద తనకి అంతులేని మోహం, ఎదుటివాళ్ల బాధ చెవికెక్కకపోవడం, చిన్న మాటకే లోపల పుండు పడటం, ఇవి కొందరిలో గుణంగా ఆగుతాయనీ, అధ్యక్షులవారిలో జబ్బుదాకా వెళ్లాయనీ తేల్చింది.

"ఈ అడవిలో ఇంకెవరికైనా ఉందా?" అడిగాడు నెమలి.

"ఇంత పెద్దది లేదండీ."

"రాసుకో," అన్నాడు గోరింకతో, ఛాతీ విరుచుకుని.

మర్నాటికి నీళ్లు జానెడు దూరానికొచ్చాయి. తీతువు మళ్లీ వచ్చింది, ఈసారి తల వంచుకుని.

"దొరా, ఆ మడుగులో మీ పింఛం సగమే కనబడుతోంది. ఆ దిగులుతో నాకు ముద్ద దిగట్లేదు. దుంగ తీస్తే కింద పల్లంలో నీళ్లు పరుచుకుంటాయి. అక్కడైతే మీరు మొత్తం కనిపిస్తారు."

గోరింక రెండుసార్లు తల ఊపింది. గంటలో దుంగ లేచిపోయింది. గుడ్లు దక్కాయి.

తీతువు గూటికి బయల్దేరబోతే నెమలి ఆపాడు. "సగమేనని ఇన్నాళ్లలో ఒక్కరూ గమనించలేదు. రేపట్నుంచి పొద్దునా సాయంత్రం నువ్వే వచ్చి నా పింఛం గురించి చెప్పాలి."

తీతువు దిక్కుతోచక సభలో ఉన్న డాక్టరు వైపు చూసింది.

"ఈ జబ్బుకి నా దగ్గర మందు లేదమ్మా," అంది గుడ్లగూబ మెల్లగా. "మేత మాత్రం నువ్వే పెట్టావు."

గుడ్లని తండ్రి పిట్టే పొదిగింది. తల్లి సభలో ఉండగానే నాలుగూ పిల్లలయ్యాయి. ఆమె ఇంటికొచ్చేసరికి గోరింక వాటికి మొదటి మాట నేర్పేసి వెళ్లింది.

"ఆహా," అన్నాయి పిల్లలు, తల్లిని చూసి.

నీతి: పొగిడి ఎంత పనైనా చేయించుకోవచ్చు, ఆ తర్వాత అదే ఉద్యోగం.