అన్నపూర్ణ ముక్కు

నవరాత్రికి ముందురోజు పొద్దున మోరేశ్వర్ సహస్రబుద్ధేకు అప్పజెప్పిన పని ఒక్కటే, చింతపండు నానబెట్టడం. భార్య ప్రమీల సతారాలో చెల్లెలింటికి వెళ్ళింది. సాయంత్రం వచ్చి దేవుళ్ళను తానే తోముకుంటాననీ, ఆయన్ని చెయ్యి పెట్టొద్దనీ ఫోన్‌లో రెండుసార్లు చెప్పింది. పోస్టాఫీసులో ముప్పై ఆరేళ్ళు చెప్పిన పని చెప్పినట్టు చేసిన మనిషి, రిటైరయ్యాక చెప్పని పనులు మొదలుపెట్టాడు. ఆయన ఇంటిపేరులో వెయ్యి బుద్ధులున్నాయి గానీ, ఆ రోజు అన్నీ కలిసి సెలవు పెట్టాయి.

చింతపండు ఎలాగూ నానింది కదా అని దేవుళ్ళ పళ్ళెం ముందేసుకుని కూర్చున్నాడు. బాలకృష్ణుడు మెరిశాడు. గంట మెరిసింది. బొటనవేలంత ఇత్తడి అన్నపూర్ణను తోమి వెలుగులో పట్టి చూస్తే ఆమెకు ముక్కు లేదు. కళ్ళూ లేవు. ఒళ్ళో గరిటె ఉండాల్సిన చోట చిన్న బొడిపె ఉంది. నలభై ఒక్కేళ్ళుగా రోజూ దణ్ణం పెడుతున్న దేవతను ఇంతవరకూ సరిగ్గా చూడనేలేదని ఆయనకు అప్పుడే తెలిసింది.

వత్తులకు దూది అడగడానికి వచ్చిన పక్కింటి లిమయే వదినకు చూపించాడు. రూపు చెరిగిన విగ్రహానికి పూజ చేయకూడదనీ, తమ గణపతిని మార్చి మూడేళ్ళయిందనీ చెప్పి ఆవిడ దూది పట్టుకుని వెళ్ళిపోయింది. మోరేశ్వర్‌కు మనసు పీకింది. పాపం ప్రమీల, ఎవరికీ చెప్పకుండా ముక్కు లేని దేవతతోనే నెట్టుకొస్తోంది అనుకున్నాడు. ఆమె వచ్చేసరికి కొత్త విగ్రహం పెట్టి ఆశ్చర్యపరచాలనుకున్నాడు. సైజు కోసం పాతదాన్ని చేతిరుమాల్లో చుట్టుకుని ఇత్తడి కొట్లుండే వీధి తాంబట్ ఆళీకి బయల్దేరాడు.

ఇత్తడి కొట్టు కరడే ఓపికగా విగ్రహం ఎంచడం నేర్పాడు. ఇంట్లో విగ్రహం అరచేతిలో ఇమడాలి, అడుగు బోలుగా ఉండకూడదు, గరిటె అతుకు కదలకూడదు. మోరేశ్వర్ పదకొండు విగ్రహాలు తిరగేసి, అన్నిటికంటే కోటేరులాంటి ముక్కున్నదాన్ని ఎంచుకున్నాడు. పాతదాన్ని ఏం చేస్తారని కరడే అడిగాడు. అందరూ ఇక్కడే ఇచ్చిపోతారని కూడా చెప్పాడు. మోరేశ్వర్ రుమాలు విప్పి ఇచ్చేశాడు. పెద్ద బరువు దిగినట్టయింది.

సాయంత్రం ప్రమీల కాళ్ళు కడుక్కుని దేవుడి గూటి ముందుకు వెళ్ళింది. వంగబోయి ఆగిపోయింది.

"ఈవిడెవరు?" అంది.

ఆయన సంబరంగా అంతా చెప్పాడు, అడుగు గట్టిగా ఉండటంతో సహా. ఆమె వింటూ కొత్తదాని ముక్కు మీద బొటనవేలు ఆనించి తీసేసింది. అరిచినా బాగుండేదనిపించింది ఆయనకు.

"పెళ్ళిలో గౌరీపూజప్పుడు మా అమ్మ తన పూజలోది తీసి నా చేతిలో పెట్టిందండీ. దాన్ని అమ్మకిచ్చింది అమ్మమ్మ. ఆ ముక్కు ఊరికే పోలేదు. మా ముగ్గురి బొటనవేళ్ళు అరగదీశాయి."

మోరేశ్వర్ చెప్పులేసుకోవడం కూడా మర్చిపోయి ఆటో పిలిచాడు.

కొట్టు మూసే వేళకు ఇద్దరూ చేరుకున్నారు. కరడే లోపల్నుంచి ఒక పళ్ళెం తెచ్చాడు. పండగ ముందు జనం ఇచ్చిపోయిన అన్నపూర్ణలు ముప్పై దాకా ఉన్నాయి. ఒక్కదానికీ ముఖం లేదు. మోరేశ్వర్ తడుముకోకుండా ఒకటి తీసి ఇదేనన్నాడు. ప్రమీల కళ్ళు మూసుకుని దానిమీద బొటనవేలు ఆనించింది.

"ఈమె వేరే ఎవరి అమ్మో."

ఆయన ఇంకోటి అందించాడు.

"ఇది తోమినావిడది ఎడమచెయ్యి వాటం."

మూడోదాన్ని తడిమి, ఎవరో కోడలు కోపంగా తోమినట్టుందని పక్కన పెట్టింది. కరడే నవ్వబోయి మానుకున్నాడు. అలా పళ్ళెమంతా అయిపోయింది. ఆఖరిదాన్ని కూడా కింద పెట్టి, ఖాళీ బొటనవేలిని చూసుకుంటూ నిలబడిపోయింది. అప్పుడు కరడేకు అనుమానం వచ్చి కార్ఖానాకు ఫోన్ చేశాడు. ఇవన్నీ మధ్యాహ్నం తర్వాత వచ్చినవట. పొద్దున ఇచ్చినవి అప్పటికే కరిగి కొత్త అచ్చుల్లోకి వెళ్ళాయి.

"బాధపడకండి తాయీ. వచ్చే వారం వచ్చే విగ్రహాల్లో మీ అమ్మగారిది ఉంటుంది," అన్నాడు.

"ఎందులో?" అంది ప్రమీల.

కరడే పళ్ళెం ఎత్తి లోపలికి తీసుకెళ్ళాడు. తిరుగు దారిలో మోరేశ్వర్ క్షమించమని అడగడానికి నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు. నాలుగుసార్లూ ఆటోవాడే వెనక్కి తిరిగి చూశాడు. మంచి చేద్దామనే చేశానన్న మాట నోటిదాకా వచ్చింది గానీ, అది తన చెవికే సిగ్గుగా ఉంటుందని మింగేశాడు.

మర్నాడు నవరాత్రి మొదటిరోజు, ఘటస్థాపన. కొత్త అన్నపూర్ణను ప్రమీల కొట్టుకు తిప్పి పంపేస్తుందనుకుని, పంపినా తాను నోరెత్తకూడదని ఆయన నిశ్చయించుకుని స్నానం చేసి వచ్చాడు. చూస్తే ఆమె దేవతను కూర్చోబెట్టే గిన్నెలో బియ్యం పోసి సర్దుతోంది. పక్కన కోటేరు ముక్కు దేవత పళ్ళెంలో కూర్చుని ఉంది.

"కూర్చోండి," అని చింతపండు ముద్ద ఆయన చేతిలో పెట్టింది. "పొడులూ పీచులూ వద్దు. బొటనవేలితోనే తోమండి. రేపూ మీరే, ఎల్లుండీ మీరే."

"ఎన్నాళ్ళు?" అన్నాడు నెమ్మదిగా.

"ముక్కు పోయేదాకా."

ఆయన కళ్ళు తుడుచుకోబోయి, చేతికి చింతపండు ఉందని ఆగి, తోమడం మొదలుపెట్టాడు. పాత ముక్కు పోవడానికి ముగ్గురు ఆడవాళ్ళకు తొంభై ఏళ్ళు పట్టింది. మోరేశ్వర్‌కు వచ్చే శ్రావణానికి అరవై తొమ్మిది నిండుతాయి.