నాలుగో రంగు డబ్బా

శ్రమజీవి హుందాతనం మానవాళి ఉమ్మడి ఆస్తి కనుక, దాన్ని వీధుల్లో ఉత్తినే నడవనివ్వడం తగదని ఒక శీతలపానీయాల కంపెనీ తీర్మానించింది. తీర్మానం అమలుకు, అంటే టీవీ ప్రకటన తీయడానికి, సిబ్బంది కాంగో రాజధాని బ్రాజవిల్‌లో దిగారు. వారికి పెద్ద మదామ్ ఒడీల్. ఆవిడ హోదా సహజత్వ పర్యవేక్షణాధికారి (ఆవిడ సంతకం లేని సహజత్వం చెల్లదు).

ఎంపికైన శ్రమజీవి బకోంగో పేటలో తాపీ పని చేసే ఫుల్‌జాన్స్. వారమంతా సిమెంటు, ఆదివారం సూటు. ఇలాంటివాళ్ళను పేటలో సాపర్లంటారు. సాపర్ ఒంటిమీద మూడు రంగులకు మించకూడదు.

ఫుల్‌జాన్స్‌కు కంపెనీతో పెద్దగా పని లేదు, అత్తగారితోనే పని. పాయింట్-న్వార్ నుంచి ఆవిడ వచ్చినప్పుడల్లా అతడు మొహం నిండా సిమెంటుతో పరంజా మీదే దొరికాడు. "మా అమ్మాయి సిమెంటు బస్తాను కట్టుకుంది" అని ఆవిడ బంధువులందరికీ చెప్పింది. ఈ ప్రకటన ఆవిడ ఇంటి టీవీలో కూడా వస్తుంది.

షూటింగ్ రోజున అతడు వంకాయ రంగు కోటు, మీగడ రంగు ప్యాంటు, గోధుమ రంగు బూట్లు వేశాడు. టై, మేజోళ్ళు ఆ మూడింటిలోంచే. వీధి ఈలలు వేసింది. మదామ్ కంపెనీ పానీయపు నారింజ రంగు డబ్బా తెచ్చి అతడికి అందించింది. వీధి ఈలలు ఆపింది.

"ఇది పట్టుకోను మదామ్."

"తాగక్కర్లేదయ్యా, పట్టుకుంటే చాలు."

"తాగమంటే కళ్ళు మూసుకుని తాగేస్తా. పట్టుకుంటేనే చిక్కు. నాలుగో రంగవుతుంది."

"డబ్బా బట్ట కాదుగా!"

"చేతికెక్కితే ఒంటికెక్కినట్టే. రేపు ఈ వీధిలో నా మొహం ఎవరు చూస్తారు?"

"మేం చూస్తాం!" అని మంగలి అన్సెల్మ్ గోడ మీంచి అరిచాడు. "చిలకలా ఉన్నావని జామకాయ కూడా పెడతాం!"

సిబ్బంది అత్యవసరంగా సమావేశమయ్యారు. డబ్బా రంగు మార్చే అధికారం ఈ ఖండంలో ఎవరికీ లేదని తేలింది. కనుక డబ్బాధారి అనే కొత్త పదవి సృష్టించి అన్సెల్మ్‌ను నియమించారు. అతడు ఇంటికి వెళ్ళి తయారై వచ్చాడు, సరిగ్గా మూడు రంగుల్లో.

"డబ్బా పక్కవాడికివ్వండి" అన్నాడు.

పక్కవాణ్ణి నియమించారు. అతడూ తయారై వచ్చాడు. మధ్యాహ్నానికి వీధి పొడుగునా సాపర్లు బారులు తీరారు, ప్రతివాడూ పక్కవాణ్ణి చూపిస్తూ (సిబ్బంది దీన్ని పురోగతిగా నమోదు చేశారు).

బారు చివర మదామ్ నిలబడి ఉంది. ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు, నల్ల బూట్లు. ఫుల్‌జాన్స్ ఆవిడను కింది నుంచి పైదాకా చూశాడు.

"మేజోళ్ళు?"

"నల్లవే. ఏం?"

"రెండే రంగులు! ఒరేయ్, మదామ్‌కి ఒకటి ఖాళీ ఉందిరా!"

వీధి ఎగిరి గంతేసింది. డబ్బా ఆవిడ చేతికి చేరింది.

"భుజాలు వెనక్కి, అక్కా!" అని వీధి అరిచింది.

"ఏంటా పరుగు, బస్సేమైనా పోతోందా?"

ఫుల్‌జాన్స్ పక్కనే నడుస్తూ నేర్పాడు. ఎక్కడ ఆగాలో, మడమ మీద ఎలా తిరగాలో, ప్యాంటు అంచు ఎంత ఎత్తితే మేజోడు కనిపిస్తుందో. మూడోసారికి మదామ్ నవ్వుతూ తిరిగింది. నాలుగోసారికి కెమెరామన్ కూడా కెమెరా మోస్తూ అలాగే తిరిగాడు. వీధంతా తిరిగింది.

ప్రకటన వచ్చింది. ఖాకీ బట్టల మదామ్ డబ్బాతో వీధిలో నడిచింది, మడమ మీద తిరిగింది. పక్కన ఫుల్‌జాన్స్ మోచేయి ఒక్కటే కనిపించింది. కింద అక్షరాలు పడ్డాయి: "ఫుల్‌జాన్స్, తాపీ మేస్త్రి, బ్రాజవిల్."

ఇదేమిటని అడిగితే, పేరుకు పైవాళ్ళ ఆమోదం వచ్చేసిందనీ, మనిషికి ఆమోదం కావాలని నిబంధనల్లో ఎక్కడా లేదనీ కంపెనీ తెలిపింది.

ఆ సాయంత్రం పాయింట్-న్వార్ నుంచి ఫోన్ వచ్చింది.

"చూశానయ్యా అల్లుడూ," అంది అత్తగారు. "ఆ ఖాకీ బట్టల్లో ఇన్నాళ్ళకు మనిషిలా కనిపించావు."