కొండ మీద కురవని వాన

ఆ రోజు అల్లుడుగారికి ఉన్న పని ఒక్కటే. కొండ మీది వాతావరణ కేంద్రంలో పాతికేళ్ళుగా ఒంటరిగా గాలినీ వాననూ కొలుస్తున్న మావగారు ఆ రోజే రిటైరవుతున్నారు. పదకొండు గంటలకి ఆయన చేసే వీడ్కోలు ప్రసంగం ఉపగ్రహం మీదుగా పట్నంలోని ఆఫీసు తెర మీద కనిపించాలి. ఆ ఆఫీసులో నెట్‌వర్క్ ఇంజనీరు సొంత అల్లుడే.

"నాన్న నెల్లాళ్ళుగా అద్దం ముందు నిలబడి బట్టీ పడుతున్నారు. ఆ కొండ మీద ఆయన మాట వినే దిక్కెవరున్నారు పాపం! ఇవాళన్నా నలుగురూ వినాలి. మీ ప్రయోగాలేవీ పెట్టకండి," అంది భార్య.

"చిటికెలో పని. దారి చెప్తే చాలు, బొమ్మ అదే వచ్చేస్తుంది," అన్నాడు అల్లుడు చెప్పులేసుకుంటూ.

దారి చెప్పడమంటే ఇదీ: కొండ మీద ఒక ఉపగ్రహ మోడెం, ఆఫీసులో ఒకటి. కొత్త కెమెరా బొమ్మలు ఎటు పోవాలో రెండింటికీ చెప్పాలి. కొండ మీది దానికి కూడా ఆఫీసు కుర్చీలోంచే, ఆ ఉపగ్రహం మీదుగానే చెప్పాలి. అందుకని ముందు కొత్త దారి వేసి, అది నడిచాకే పాతది చెరపాలి. అల్లుడు శుభ్రత మనిషి. ముందు పాతది చెరిపాడు. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నానని తెర నల్లబడ్డాక గానీ తెలియలేదు. కొండ మీదికి ఫోను కూడా ఆ మోడెంలోంచే పోవాలి. ఎవరైనా వెళ్ళి దాన్ని ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే సరిపోతుంది, కానీ అది జీపులో గంట దారి.

అప్పుడే డైరెక్టరుగారు తలుపులోంచి తొంగిచూశారు. "ఏమయ్యా, కొండ కనబడ్డం లేదేం?"

ఉన్నమాట చెప్పుంటే రెండు చీవాట్లతో పోయేది. "పైన... వాన సార్. గట్టిగా పడితే సిగ్నల్ అందదు," అన్నాడు అల్లుడు.

ఈ మాట కిరాణా కొట్లో అంటే ఎవరూ పట్టించుకోరు. అన్నది వాతావరణ ఆఫీసులో. డైరెక్టరుగారి కళ్ళు వెలిగాయి. "సిగ్నల్‌నే మింగేసిందంటే కుంభవృష్టే! మన లెక్కలకి చిక్కలేదే!" అంటూ పరుగున వెళ్ళి హెచ్చరిక జారీ చేసేశారు. కాసేపటికి రేడియో అందుకుంది. ఆ వెంటనే భార్య ఫోను.

"నాన్న ఆ రేకుల షెడ్డులో ఒక్కరే ఉన్నారండీ! కొండచరియలు విరుగుతాయట!"

"అంత వానేం కాదులే..."

"రేడియో చెబుతుంటే కాదంటారేం? దానికన్నా మీకు ఎక్కువ తెలుసా?"

తెలుసు. అదే అతని బాధ.

సహాయక దళం లారీ, తాళ్ళు, గొడుగులు, రెండు వ్యాన్ల నిండా ఆఫీసు సిబ్బంది, దారిలో ఎక్కిన భార్య, అంతా కొండ మీదికి బయల్దేరారు. ముందు జీపులో డైరెక్టరుగారి పక్కన రెయిన్‌కోటు తొడుక్కుని అల్లుడు. ఎండ మాడు పగలగొడుతోంది. "ఇది తుఫాను ముందటి ప్రశాంతత," అన్నారు డైరెక్టరుగారు. అల్లుడు చెమట తుడుచుకున్నాడు.

పైన మావగారు ఇస్త్రీ కోటు వేసుకుని, నల్లటి తెర ముందు ముఖం వేలాడేసుకుని కూర్చున్నారు. హారన్లు విని బయటికొచ్చి, అన్ని బళ్ళనూ చూసి కొయ్యబారిపోయారు.

"నా కోసం ఇంతమందా! తెరమీద చూస్తారనుకున్నా గానీ, స్వయంగా..." కూతురు వచ్చి ఆయన్ని పట్టుకుని ఏడ్చేసింది. అల్లుడికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొంత ప్రేమతో, కొంత భయంతో.

డైరెక్టరుగారు ఆకాశం వైపు చూశారు. మబ్బు తునక లేదు. అల్లుడి వైపు చూశారు. కానీ హెచ్చరిక మీద సంతకం తనదాయె.

"అవునండీ, మీ కోసమే వచ్చాం," అన్నారు, గొడుగు చంకలో పెట్టుకుని.

అల్లుడు మెల్లగా మోడెం వైపు జారుకోబోతే మావగారు చెయ్యి పట్టుకున్నారు. "దాన్ని ముట్టుకోకు అల్లుడూ. మనుషులు ఎదురుగా ఉంటే ఉపగ్రహమెందుకు? తెర కోసమని పదినిమిషాలకి కుదించాను. ఇప్పుడు మొత్తం చెబుతాను, కూర్చో."

పాతికేళ్ళ వానలనూ ఆయన ఒక్కొక్కటిగా వర్ణించారు. సాయంత్రం దాకా కొండ మీద ఒక్క చుక్క పడలేదు. పడితే బాగుండునని మాత్రం అందరూ ఆకాశం వైపే చూస్తూ కూర్చున్నారు.